మూడు తీగల గిటారు, దానికో బుల్లి యాంప్: ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

నేను చేసిన మొదటి గిటారు ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా దిగ్గొట్టే లోహపు పట్టీ) దాకా బాగానే పలికేది. ఏడు దాటాక అపశ్రుతి మొదలయ్యేది. పన్నెండో ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాళ్లు. కర్ర మంచిదే, తీగలూ కొత్తవే. తప్పు కొలతలో ఉంది. ఒక ఫ్రెట్ గీత దగ్గర స్కేలు పెట్టి తర్వాతి ఫ్రెట్‌కి, అక్కడ మళ్లీ పెట్టి ఆ తర్వాతిదానికి, అలా జరుపుకుంటూ పోయాను. ప్రతిసారీ పెన్సిల్ గీత మందంలో సగమంత తేడా వచ్చింది. పన్నెండు గీతలయ్యేసరికి ఆ తేడాలన్నీ కలిసి మూడు మిల్లీమీటర్లయ్యాయి.

పెట్టె కాస్త వంకరగా ఉన్నా గిటారు పలుకుతుంది. రంగు సరిగ్గా పట్టకపోయినా పలుకుతుంది. కొలత తప్పితే మాత్రం ఎంత మంచి కర్ర అయినా గోడకి వేలాడదీయడానికే పనికొస్తుంది. అందుకే కొలతల దగ్గర నేను కొంచెం నస పెడతాను, ఓపిక పట్టండి.

మనం చేయబోయేది చెక్కపెట్టెతో మూడు తీగల గిటారు, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే అర వాటు యాంప్. ఆరు తీగల సాలిడ్ బాడీ (లోపల బోలు లేని) గిటారుతో ఎందుకు మొదలుపెట్టకూడదు? మామూలు మందం తీగలు ఆరూ బిగిస్తే మెడ మీద సుమారు 45 కిలోల లాగుడు పడుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెడ లోపల ఇనప ట్రస్ రాడ్ వేయాలి, దానికి గాడి తవ్వాలి. మూడు తీగలకైతే ఆ లాగుడు సగమే. మంచి గట్టి కర్ర అయితే ట్రస్ రాడ్ లేకుండానే నిలబడుతుంది.

గాజు గొట్టాలతో పనిచేసే వాల్వ్ యాంప్ జోలికి కూడా మొదటి ప్రయత్నంలో వెళ్లకండి. అందులో 300 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది, చెయ్యి తగిలితే ప్రాణం పోవచ్చు. ముందు బ్యాటరీ యాంప్ చేసి చెయ్యి తిరిగాక దాని సంగతి చూద్దాం.

పాత సామానుతో ఏమవుతుందిలే అనిపిస్తే క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మేని తలచుకోండి. 1963లో, ఇంకా స్కూల్లో ఉండగానే, తండ్రితో కలిసి సొంత గిటారు మొదలుపెట్టాడు. మెడకి పాత ఫైర్‌ప్లేస్ చట్రంలోని కర్ర వాడారు. తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే ట్రెమొలోకి మోటార్ సైకిల్ ఇంజన్ వాల్వు స్ప్రింగులు, దాని పిడి కొసకి స్వెటర్లు అల్లే సూది ముక్క పెట్టారు. రెండేళ్లు పట్టింది. అదే బ్యాండ్‌లో బేస్ వాయించే జాన్ డీకన్, చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డును చిన్న స్పీకర్ పెట్టెలో అమర్చి బ్యాటరీ యాంప్ చేశాడు. ఆ రెండూ వాళ్ల రికార్డింగుల్లో వినిపిస్తాయి.

కావలసినవి

మెడకి 90 సెంటీమీటర్ల పొడవు, 38 మిల్లీమీటర్ల వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి కర్ర. పెట్టె 25 సెంటీమీటర్ల పొడవు, 18 నుంచి 20 వెడల్పు, కనీసం 5 లోతు ఉంటే చాలు. పైమూత 4 మిల్లీమీటర్ల లోపు మందంలో ఉండాలి. మందమైతే శబ్దం దానిలోనే ఇంకిపోతుంది. తీగలు బిగించే ట్యూనర్లు మూడు, ఒక ఎం5 (5 మిల్లీమీటర్ల మందం) బోల్టు, ఒక ఎం6 (6 మిల్లీమీటర్లు) బోల్టు, రెండు మీటర్ల ఫ్రెట్ వైరు, ఒక సెట్ ఎలక్ట్రిక్ గిటారు తీగలు, అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే 27 మిల్లీమీటర్ల పీజో డిస్క్, మామూలు గిటారు జాక్. యాంప్ భాగాలు ఏడో భాగంలో వస్తాయి.

పనిముట్లలో సన్నటి పళ్ల రంపం, ఉలి, డ్రిల్, ఆకురాళ్లు, శాండ్‌పేపర్, మూలమట్టం, ఒక మీటరు ఉక్కు స్కేలు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. ఉక్కు స్కేలు దగ్గర లోభం పనికిరాదు. టేపుతో ఫ్రెట్లు కొలవకండి, దాని కొస కొక్కెం అటూ ఇటూ కదులుతుంది. అది ఊడిపోవడం కాదు, అలా కదలడానికే చేశారు, కానీ మనకి అది పనికిరాదు.

1. మెడ కర్ర ఎంచుకోవడం

కర్రని కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు ఒక కొస నుంచి రెండో కొసకి చూడండి. వంపు ఉందా, మెలి ఉందా అన్నది అలాగే తెలుస్తుంది. కొద్దిపాటి వంపుని చిత్రికపట్టి సరిచేయొచ్చు. మెలి తిరిగిన కర్రని మాత్రం పక్కన పెట్టేయండి. చారలు కొస నుంచి కొసకి నిటారుగా సాగాలి. మధ్యలో పక్కకి దిగిపోతే తీగల లాగుడుకి అక్కడే వంగుతుంది. ముడి ఉన్న కర్ర వద్దు.

కొన్నాక రెండు వారాలు ఇంట్లో వదిలేయండి. పచ్చిదనం ఉంటే ఆరేటప్పుడు అదెటు తిరుగుతుందో ఫ్రెట్లు వేయకముందే తెలిసిపోవాలి.

2. గుర్తులు పెట్టడం, పెట్టెలో దించడం

తల వైపు కొస నుంచి 130 మిల్లీమీటర్ల దగ్గర ఒక అడ్డగీత గీయండి. ఇది నట్ గీత, అంటే తీగ మోగడం మొదలయ్యే చోటు. అక్కడి నుంచి 650 మిల్లీమీటర్ల దూరంలో బ్రిడ్జి, అంటే తీగ మోగడం ఆగే చోటు, వస్తుంది. తోక వైపు 20 మిల్లీమీటర్లు పెట్టె బయటికి పొడుచుకు వస్తాయి. పెట్టె 250 అయితే మెడ తల వైపు కొస నుంచి 630 దగ్గర పెట్టెలోకి దూరి 880 దగ్గర బయటికి వస్తుందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మెడ పైభాగం, పెట్టె మూత పైభాగం ఒకే మట్టంలో ఉండాలి. మూత 4 మిల్లీమీటర్లయితే పెట్టె గోడల మీద ఆనే చోట్ల మెడ పైనుంచి 4 మిల్లీమీటర్లు చెక్కేయండి. మిగిలిన 15 మిల్లీమీటర్లు పట్టేలా రెండు గోడల్లోనూ 38 వెడల్పు, 15 లోతు ఉన్న గాడి కోయండి. గోడల మధ్య, పెట్టె లోపలి భాగంలో మాత్రం ఇంకో 2 మిల్లీమీటర్లు ఎక్కువగా చెక్కండి. అప్పుడు మూత మెడకి తగలకుండా స్వేచ్ఛగా అదురుతుంది. ఈ రెండు మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే పెట్టె ఉన్నా లేనట్టే.

తల భాగాన్ని పైనుంచి 7 మిల్లీమీటర్లు చెక్కేసి పలచన చేయండి. తీగ నట్ దాటాక కిందికి వంగి ట్యూనర్‌కి చేరాలి, అప్పుడే నట్ మీద గట్టిగా కూర్చుంటుంది. ట్యూనర్ల రంధ్రాలకి డ్రిల్ బిట్ ఎంత కావాలో మీ దగ్గరున్న ట్యూనర్ కాండాన్ని కొలిచి నిర్ణయించుకోండి.

మెడ వెనక అంచుల్ని అరచేతికి హాయిగా ఉండేంత వరకు ఆకురాయితో గుండ్రం చేయండి. దీనికి కొలత లేదు, చెయ్యే చెబుతుంది.

3. ఫ్రెట్ల కొలత

ఒక్కో ఫ్రెట్ ముందుకు వెళ్లేకొద్దీ స్వరం అర మెట్టు పెరుగుతుంది. పన్నెండు అర మెట్లయ్యేసరికి తీగ కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది, దాన్నే ఒక స్థాయి అంటాం. అంటే తీగ పొడవు సరిగ్గా సగమవ్వాలి. అందుకని ప్రతి ఫ్రెట్ దగ్గరా, అక్కడి నుంచి బ్రిడ్జి దాకా మిగిలిన పొడవుని 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎంత దూరంలో రావాలో తెలుస్తుంది. పూర్వం దీన్ని 18 అనుకుని పనిచేసేవాళ్లు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 16వ శతాబ్దంలోనే ల్యూట్ వాద్యానికి ఈ 18 లెక్క చెప్పాడు. వినడానికి తేడా చిన్నదే. మన 650 మిల్లీమీటర్ల తీగ మీద 18తో లెక్కవేస్తే పన్నెండో ఫ్రెట్ 325 దగ్గర కాక 322.6 దగ్గర పడుతుంది.

మీకు ఆ భాగహారాల శ్రమ లేకుండా కింద వేసి ఇస్తున్నాను. అన్నీ నట్ గీత నుంచి కొలిచిన మిల్లీమీటర్లు:

1వ ఫ్రెట్: 36.5
2వ ఫ్రెట్: 70.9
3వ ఫ్రెట్: 103.4
4వ ఫ్రెట్: 134.1
5వ ఫ్రెట్: 163.0
6వ ఫ్రెట్: 190.4
7వ ఫ్రెట్: 216.2
8వ ఫ్రెట్: 240.5
9వ ఫ్రెట్: 263.5
10వ ఫ్రెట్: 285.2
11వ ఫ్రెట్: 305.7
12వ ఫ్రెట్: 325.0

పన్నెండు దాటాక కొత్త లెక్క అక్కర్లేదు. పై సంఖ్యల్లో సగం తీసుకుని 325కి కలపండి. పదిహేనో ఫ్రెట్ కావాలంటే మూడో ఫ్రెట్ 103.4లో సగం 51.7, దానికి 325 కలిపితే 376.7.

స్కేలు సున్నాని నట్ గీత మీద పెట్టి రెండు కొసలా క్లాంపుతో బిగించేయండి. అన్ని గీతలూ గీసేదాకా దాన్ని కదపకూడదు. పెన్సిల్ వద్దు, పదునైన కత్తిమొనతో చిన్న గాటు పెట్టండి. పెన్సిల్ గీతకి అర మిల్లీమీటరు మందం ఉంటుంది, రంపం దాని మధ్యలో పడిందో అంచున పడిందో తెలియదు. కత్తిగాటులో రంపం పళ్లు వాటంతటవే కూర్చుంటాయి. స్కేలు కొస అరిగి ఉంటే సున్నా బదులు 100 అంకెని నట్ గీత మీద పెట్టి, ప్రతి కొలతకీ 100 కలుపుకోండి. కలపడం ఒక్కచోట మరిచిపోతే ఆ తప్పు వెంటనే కంటికి కనబడుతుంది, భయం లేదు.

గీతలయ్యాక ఒకసారి సరిచూసుకోండి. పన్నెండో గీత 650లో సగం. ఏడో గీత దాదాపు మూడో వంతు, ఐదో గీత దాదాపు నాలుగో వంతు. సరిగ్గా మూడో వంతు 216.7, మన ఏడో గీత 216.2. ఆ అర మిల్లీమీటరు మీ తప్పు కాదు. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసినందుకు ప్రతి గిటారూ కట్టే చిన్న సుంకం అది.

4. ఫ్రెట్లు దిగ్గొట్టడం

ఫ్రెట్ వైరుని అడ్డంగా చూస్తే పుట్టగొడుగులా ఉంటుంది. కింద కాడ, పైన గొడుగు. ఆ కాడ సుమారు 0.6 మిల్లీమీటర్ల గాడిలో బిగుతుగా దిగాలి. మీ రంపం గాడి ఎంత వెడల్పు వస్తుందో వృథా ముక్క మీద ముందే చూసుకోండి. గాడి వదులైతే ఫ్రెట్ లేచిపోతుంది, మరీ బిగుతైతే పన్నెండు ఫ్రెట్ల పోట్లకి మెడ వెనక్కి వంగుతుంది. లోతు రెండున్నర మిల్లీమీటర్లు చాలు. మూలమట్టం ఆనించి కోస్తే గాడి అడ్డదిడ్డంగా పోదు.

ముందు రెండు కొసలూ సుత్తితో నెమ్మదిగా దించి తర్వాత మధ్యలో కొట్టండి. కింద ఇసక సంచీ పెట్టుకుంటే కర్ర ఎగరదు. సుత్తి శబ్దం వినండి. ఫ్రెట్ ఇంకా పూర్తిగా దిగనప్పుడు టక్ టక్ అని బోలుగా వినిపిస్తుంది, దిగిపోయాక ఠప్ అని గట్టిగా. ఈ తేడా నాలుగో ఫ్రెట్‌కల్లా చెవికి అలవాటైపోతుంది.

అన్నీ దిగాక మూడు ఫ్రెట్ల మీద ఆనేంత చిన్న ఉక్కు పట్టీ పెట్టి అటూ ఇటూ ఊపండి. తూగుటుయ్యాలలా ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. ముందు సుత్తితో ప్రయత్నించండి, దిగకపోతేనే ఆకురాయి. చివరగా పక్కల కొసల్ని ఏటవాలుగా రుద్దండి. ఈ ఒక్క పని బద్ధకించి వదిలేస్తే వాయించిన ప్రతిసారీ వేళ్లు గీసుకుపోతాయి.

ఇదంతా పెద్ద తతంగం అనిపిస్తే మొదటి గిటారుకి ఫ్రెట్లే వేయకండి. అవే కొలతల్లో గీతలు మాత్రం గీసి, గాజు గొట్టమో ఇనప గొట్టమో వేలికి తొడుక్కుని స్లైడ్ వాయించండి. మూడు తీగల గిటారుకి అది బాగా నప్పుతుంది.

5. నట్, బ్రిడ్జి, తీగలు

నట్‌కి ఎం5 బోల్టు వాడతాం. నట్ గీత మీద అడ్డంగా చిన్న గాడి తీసి దాన్ని పడుకోబెట్టండి. బోల్టు నడినెత్తి సరిగ్గా గీత మీదే ఉండాలి, ఎందుకంటే తీగ దాన్ని వదిలే చోటు అదే. బోల్టు మరలే తీగకి గాళ్లు, వేరే కోయక్కర్లేదు. మధ్య తీగ మెడ మధ్యలో, మిగతా రెండూ దానికి చెరో పక్క 11 మిల్లీమీటర్ల దూరంలో.

బ్రిడ్జికి ఎం6 బోల్టు మూత మీద ఊరికే పెట్టడమే. జిగురు వద్దు, మేకులు వద్దు. తీగల ఒత్తిడే దాన్ని పట్టుకుంటుంది. తోక దగ్గర పొడుచుకొచ్చిన 20 మిల్లీమీటర్లలో మూడు సన్నటి రంధ్రాలు నిలువుగా వేసి కింద ఒక ఇత్తడి రేకు అడ్డుపెట్టండి. తీగల కొసల్లో ఉండే గుండ్లు ఆ రేకుకి ఆనతాయి. రేకు లేకపోతే గుండ్లు రోజురోజుకీ కర్రలోకి దిగబడి శ్రుతి నిలవదు. దానికి ఇంకో పని కూడా ఉంది, పీజో దగ్గర చెబుతాను.

సెట్‌లోంచి ఐదో తీగ, నాలుగో తీగ, మూడో తీగ తీసుకోండి. మామూలు గిటారులో అవి ఏ, డీ, జీ. ఇక్కడ జీ, డీ, జీ చేస్తాం. అంటే ఐదో తీగని ఒక పూర్తి స్వరం దించుతాం, మిగతా రెండూ ఎప్పటిలాగే. 98, 146.8, 196 హెర్ట్జ్. ఏ ఫ్రెట్ దగ్గరైనా మూడు తీగలూ ఒక్క వేలితో నొక్కితే పవర్ కార్డ్ (మూలస్వరం, దాని పంచమం కలిసి మోగడం) వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా దయగల శ్రుతి లేదు.

తీగల్ని ఒకేసారి బిగించేయకండి. మూడూ సగం సగం బిగించి, మెడని గంటసేపు వదిలి, మళ్లీ బిగించండి. ఆ తర్వాత నట్ ఎత్తు చూడాలి. రెండు, మూడు ఫ్రెట్ల మధ్య తీగని నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ పైన ఖాళీ చూడండి. మామూలు కాగితం దూరేంత ఉంటే సరిపోతుంది. ఎక్కువుంటే బోల్టు తీసి గాడిని వెంట్రుకవాసి లోతు చేయండి. తొందరపడి ఎక్కువ లోతు చేస్తే తీగ మొదటి ఫ్రెట్‌ని కొట్టుకుని జుయ్ మంటుంది. అప్పుడు బోల్టు కింద కాగితం ముక్క వేయడం తప్ప దారి లేదు. నా గిటార్లలో సగం వాటి కింద ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. పన్నెండో ఫ్రెట్ మీద తీగ రెండున్నర, మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చేతికి బాగుంటుంది.

ఇక బ్రిడ్జి. పన్నెండో ఫ్రెట్ పైన తీగని వేలితో తాకీ తాకనట్టు ముట్టి మీటితే గంటలాంటి హార్మోనిక్ వస్తుంది. తర్వాత అదే చోట నొక్కి మీటండి. నొక్కిన స్వరం ఎక్కువుంటే బ్రిడ్జిని తోక వైపు జరపండి, తక్కువుంటే నట్ వైపు. మందపు తీగ ఉన్న వైపు బ్రిడ్జి కొంచెం వెనక్కి ఏటవాలుగా రావడం మామూలే. రెండు స్వరాలూ కలిసిన చోట బోల్టుకి ఇరుపక్కలా మూత మీద సన్నగా గీత పెట్టుకోండి.

6. పీజో అమర్చడం

ఇప్పుడు తీగలు వదులు చేసి మూత తెరవండి. పీజో డిస్క్ అంటే ఇత్తడి బిళ్ల మీద తెల్లటి సిరామిక్ పూత. ఇత్తడి అంచుకి గ్రౌండ్ తీగ (సర్క్యూట్ మొత్తానికీ ఉమ్మడిది), తెల్లటి మధ్యభాగానికి సిగ్నల్ తీగ. సిరామిక్ మీద సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకి మించి ఉంచితే పైపూత లేచి ఐరన్‌తో పాటే వచ్చేస్తుంది. తీగకి ముందే టంకం పూసి పెట్టుకుంటే ఒక్క తాకుడుతో అతుక్కుంటుంది. ముందే తీగలు అతికించిన డిస్కులు దొరికితే అవే తీసుకోండి, అందులో పరువు తక్కువేం లేదు.

డిస్క్‌ని మూత లోపలి వైపు, బ్రిడ్జికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో గట్టిగా అంటించండి. దాని వెనక మందంగా హాట్ గ్లూ పొయ్యండి. లేకపోతే చొక్కా గుండీ పెట్టెకి తగిలినా యాంప్‌లో బాంబు పేలినట్టుంటుంది. సిగ్నల్ తీగ జాక్ కొస పలకకి, గ్రౌండ్ తీగ జాక్ ఒంటికి. ఇంకో తీగని జాక్ ఒంటి నుంచి తోక దగ్గరి ఇత్తడి రేకుకి అతికించండి. దాంతో గిటారు తీగలన్నీ గ్రౌండ్ అవుతాయి, వాయించేటప్పుడు మీ ఒంటి నుంచి వచ్చే గుర్రుమనే శబ్దం తగ్గుతుంది. ఇవన్నీ అయ్యాకే మూత అంటించాలి.

7. యాంప్

ఎల్‌ఎమ్ 386 అనే ఎనిమిది కాళ్ల చిప్ దీని గుండెకాయ. చాలామంది గిటారుని నేరుగా దీనికే తగిలిస్తారు. శబ్దం వస్తుంది కానీ సన్నగా, రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వస్తుంది. తప్పు చిప్‌ది కాదు. దాని ఇన్‌పుట్ నిరోధం 50 కిలో ఓంలు. 27 మిల్లీమీటర్ల పీజో సుమారు 20 నానోఫారడ్‌ల కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఈ రెండూ కలిస్తే దాదాపు 160 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గిపోతుంది. మన మందపు తీగ 98 హెర్ట్జ్ దగ్గర ఉంది, డీ తీగ 147 దగ్గర. మూడింట్లో రెండు తీగల మూలస్వరాలు అక్కడే చిక్కిపోయాయి.

అందుకే మధ్యలో ఎంపీఎఫ్ 102 లేదా 2ఎన్ 5457 లాంటి ఒక జెఫెట్ పెడతాం. ఇదొక రకం ట్రాన్సిస్టర్, దీని మూడు కాళ్ల పేర్లు గేట్, డ్రెయిన్, సోర్స్. ఇది శబ్దాన్ని పెంచదు, పీజో మీద భారం పడకుండా చూస్తుంది, అంతే. జాక్ నుంచి సిగ్నల్ 10 కిలో ఓంల గుండా గేట్‌కి. గేట్ నుంచి గ్రౌండ్‌కి 2.2 మెగా ఓంలు. డ్రెయిన్ నేరుగా బ్యాటరీ ప్లస్‌కి. సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 3.9 కిలో ఓంలు. సోర్స్ నుంచే 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా 10 కిలో ఓంల వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే తిప్పుడు నాబ్) ఒక కొసకి, పాట్ రెండో కొస గ్రౌండ్‌కి. ఏ కాలు ఏదో మీరు కొన్న భాగం డేటాషీట్‌లో చూసుకోండి, ఒక్కో రకానికి వరస మారుతుంది.

చిప్ కాళ్లు: గుంట ఉన్న వైపు పైకి పెడితే ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3, 4. కుడి పక్క కింది నుంచి పైకి 5, 6, 7, 8. పాట్ మధ్య కాలు 3కి. 2, 4 రెండూ గ్రౌండ్‌కి. 6 ప్లస్‌కి. 6 నుంచి 4కి 100 మైక్రోఫారడ్, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్, రెండూ చిప్‌కి ఆనుకునేంత దగ్గరగా. 7 నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్. 5 నుంచి 220 మైక్రోఫారడ్ గుండా 8 ఓంల స్పీకర్‌కి, ప్లస్ గుర్తు 5 వైపు. 5 నుంచే గ్రౌండ్‌కి 10 ఓంలు, 0.047 మైక్రోఫారడ్ ఒకదాని వెనక ఒకటి. ఈ చివరి జంట లేకపోయినా పలుకుతుంది కదా అని వదిలేయకండి. చిప్ తనలో తాను ఊళలు పెట్టకుండా ఆపేది అదే.

1, 8 కాళ్లు ఖాళీగా ఉంటే యాంప్ 20 రెట్లు పెంచుతుంది. వాటి మధ్య 10 మైక్రోఫారడ్ పెడితే, ప్లస్ 1 వైపు, 200 రెట్లు. దాన్ని ఒక స్విచ్‌తో కలపండి. ఆ స్విచ్ వేయగానే శబ్దం చిట్లి, చిరిగి, రాక్ పాటలా మారుతుంది. నిజం చెప్పాలంటే ఈ యాంప్ చేసేది ఆ స్విచ్ కోసమే.

మొత్తం ముందు బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చి చూసుకునే పలక) మీద కట్టండి. పలికాకే టంకం. చిప్‌ని నేరుగా అతికించకుండా ఎనిమిది కాళ్ల సాకెట్ పెట్టుకుంటే పోయినప్పుడు పీకి ఇంకోటి గుచ్చొచ్చు. పోతుంది కూడా. బ్యాటరీ కొసల్ని చీకట్లో తడుముకుంటూ ఒక్క క్షణం తిరగేసి తాకించి నేను రెండు చిప్‌లు కాల్చాను. మూడోసారి బుద్ధి వచ్చి ప్లస్ తీగలో, కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే 1ఎన్ 5817 డయోడ్ పెట్టాను.

యాంప్ ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్ వాడండి. బ్యాటరీ మైనస్‌ని గ్రౌండ్‌కి కాకుండా ఆ జాక్ మధ్య రింగుకి కలపండి. మోనో ప్లగ్ గుచ్చగానే రింగు, ఒళ్లు కలిసి యాంప్ ఆన్ అవుతుంది, పీకితే ఆఫ్. వేరే స్విచ్ అక్కర్లేదు. గిటారు తీసేయడం మరిచిపోతే పొద్దున్నకి బ్యాటరీ చచ్చి ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది.

8. మొదటిసారి ఆన్ చేయడం

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, మల్టీమీటర్‌ని మిల్లీ యాంపుల్లో పెట్టి బ్యాటరీ ప్లస్ తీగ మధ్యలో కలపండి. ఊరికే ఉన్నప్పుడు ఐదారు మిల్లీ యాంపులు చూపిస్తే క్షేమం. యాభయ్యో వందో చూపిస్తే వెంటనే పీకేయండి, ఎక్కడో షార్ట్ ఉంది. తర్వాత మీటర్‌ని వోల్టులకి మార్చి 5వ కాలు దగ్గర కొలవండి. బ్యాటరీ వోల్టేజీలో సుమారు సగం, అంటే నాలుగు, నాలుగున్నర ఉండాలి. అంత ఉంటే చిప్ బతికే ఉంది. అప్పుడు కూడా శబ్దం రాకపోతే తప్పు జాక్‌లోనో, పాట్‌లోనో, జెఫెట్ కాళ్లలోనో వెతకండి.

పడవ ఇంజన్‌లా డుగ్ డుగ్ మంటే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ దూరంగా ఉన్నట్టు, లేదా బ్యాటరీ నీరసించినట్టు. కీచుమంటే ఇన్‌పుట్ తీగలు, స్పీకర్ తీగలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, విడదీయండి. ఆగకుండా గుర్రుమంటూ, గిటారు తీగని ముట్టుకోగానే ఆ గుర్రు తగ్గితే పెట్టెలో పీజో తీగలకి కవచం చాలడం లేదు. షీల్డెడ్ వైరుకి మార్చండి. ముట్టుకున్నప్పుడు పెరిగితే ఇత్తడి రేకు గ్రౌండ్ ఊడింది.

స్పీకర్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. అదే అర వాటు, అరచేతిలో పట్టే స్పీకర్‌లో దోమలా వినిపిస్తుంది, పదహారు సెంటీమీటర్ల స్పీకర్‌ని చెక్కపెట్టెలో బిగిస్తే గది నిండుతుంది. పాత మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్ పెట్టె దొరికితే సర్క్యూట్ దాని వెనకే పెట్టేయండి. అందులో స్పీకర్ 8 ఓంలో 4 ఓంలో వెనకాల చీటీ చూడండి. 4 అయితే చిప్ ఎక్కువ వేడెక్కుతుంది.

9. వారం తర్వాత

కొత్త కర్ర, కొత్త తీగలు. మొదటి వారం రోజూ శ్రుతి జారుతుంది, కంగారు పడకండి. వారం పోయాక మెడని మళ్లీ కంటి దగ్గర పెట్టి గురి చూడండి. వెంట్రుకవాసి ముందుకి వంగడం మంచిదే, తీగ ఊగడానికి చోటు దొరుకుతుంది. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ పరీక్ష మళ్లీ చేసి, తేడా ఉంటే బ్రిడ్జి జరిపి పాత గీతలు చెరిపి కొత్తవి పెట్టుకోండి. తీగలు మార్చాల్సి వచ్చినప్పుడు మూడూ ఒకేసారి విప్పకండి. ఒకటి తీసి, కొత్తది బిగించి, తర్వాత రెండోది. మూడూ విప్పితే బ్రిడ్జి దొర్లి మంచం కిందికి పోతుంది. గీతలు పెట్టుకోనివాళ్లు హార్మోనిక్‌తో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.